పైలట్ల జీవితం మీద ఏ పుస్తకం కొనాలి? (ఒకటి కొని ఇప్పటికే పప్పులో కాలేశా)

బత్తాయి_మామ
మా అక్క కొడుకు ఇంటర్ ఫస్టియర్, నల్గొండలో హాస్టల్. తొమ్మిదో తరగతి నుంచి పైలట్ అవుతానని ఒకటే పట్టు. సరే, డిసెంబర్‌లో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోయినప్పుడు పైలట్ల మీద ఏమైనా ఉందా అని అడిగా. స్టాల్ పిల్లగాడు కెప్టెన్ గోపీనాథ్ రాసిన 'సింప్లీ ఫ్లై' చేతిలో పెట్టాడు. కెప్టెన్ అని ఉంది, ఫ్లై అని ఉంది, ఇంకేం కావాలని కొన్నా. మావాడు నాలుగు రోజులు చదివి ఫోన్ చేసి, "మామా, ఈయన పైలట్ కాదు, ఆర్మీ కెప్టెన్. విమానం కంపెనీ పెట్టినాయన. ముందంతా కొబ్బరి చెట్లు, పట్టుపురుగులే" అన్నాడు.

నవ్వుకున్నాం గానీ అసలు సంగతి వేరే. మా బావకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. కొడుకు చదువు కోసం రెండెకరాలు అమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు. భూమి అమ్మకముందు ఆ ఉద్యోగం లోపల ఎట్లుంటదో వాడికి తెలియాలని నా బాధ. యూట్యూబ్‌లో అందరూ కళ్లద్దాలు పెట్టుకుని నడిచి వచ్చేవాళ్లే. బడ్జెట్ 1500. వాడు ఇంగ్లిష్ బాగానే చదువుతాడు. ఏది కొనమంటారు?

గడియారం_సెంటర్
కెప్టెన్ అనుంటే చాలు కొంటానంటే రేపు 'కెప్టెన్' విజయకాంత్ సినిమాల సీడీ కూడా తెస్తావు అన్నా.

మిర్యాల_సన్నబియ్యం
ఆ గోపీనాథ్ కథే కదా సూర్య సినిమా 'ఆకాశం నీ హద్దురా'కు మూలం? సినిమా చూపిస్తే పోయేది, డబ్బులు మిగిలేవి.

రామగిరి_చదువరి
ఒకటే కొనాలంటే ఎర్నెస్ట్ గాన్ రాసిన 'ఫేట్ ఈజ్ ద హంటర్'. 1961లో వచ్చింది. రిటైరయ్యాక ప్రతి వానాకాలం ఒకసారి తిరగేస్తుంటా. నా కాపీ అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద 80 రూపాయలకు దొరికింది, అట్ట మీద ఎవరిదో టీ గ్లాసు ముద్ర.

గాన్ 1930ల చివర్లో అమెరికాలో కో-పైలట్‌గా చేరి, యుద్ధకాలంలో ప్రపంచమంతా సరుకు విమానాలు నడిపినవాడు. మనవాళ్లకు నచ్చే ఘట్టం ఒకటుంది. ఆగ్రా నుంచి లేచిన విమానంలో బరువు ఎక్కువైంది. అది పైకి లేవనంటుంది. ఎదురుగా తాజ్‌మహల్! గుమ్మటానికి మరమ్మతుల కోసం కట్టిన సారవ కూడా ఉంది. దాన్ని తప్పించిన ఆ కొన్ని క్షణాలు చదువుతుంటే అరచేతులు తడుస్తాయి.

పుస్తకం మొదట్లో, చనిపోయిన తోటి పైలట్ల పేర్లు పేజీల కొద్దీ ఉంటాయి. పిల్లవాడు ఆ జాబితా దాటి లోపలికి పోతే వాడికి నిజంగా ఇష్టం ఉన్నట్టు. ఇదే పేరుతో 1964లో సినిమా వచ్చింది, దానికీ పుస్తకానికీ పేరు తప్ప పెద్దగా సంబంధం లేదు.

శంషాబాద్_షిఫ్ట్
సార్, గౌరవంతోనే చెప్తున్నా, అది మా తాతల కాలం విమానం. రెక్కల మీద మంచు పేరుకుంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే రోజులు. నేను శంషాబాద్‌లో ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, పని చేస్తా, రోజూ పైలట్లను దగ్గర నుంచి చూస్తా. ఇప్పటి వాళ్ల తలనొప్పులు వేరు. టాబ్లెట్‌లో కాగితాలు, ఇంధనం లెక్క, ఆలస్యం ఎవరి ఖాతాలో పడుతుందన్న గొడవ. ఒక కెప్టెన్ విమానం చుట్టూ తిరిగి టైర్లు చూసుకుంటూ పొట్లం నుంచి ఇడ్లీ తింటుంటే చూశా. అదీ ఉద్యోగం.

ఇప్పటి జీవితం కావాలంటే మార్క్ వాన్‌హోనాకర్ 'స్కైఫేరింగ్', 2015. ఈయన ముందు కన్సల్టింగ్ ఉద్యోగం చేసి, అది వదిలేసి బ్రిటిష్ ఎయిర్‌వేస్‌లో చేరి 747 విమానం నడిపాడు.

రామగిరి_చదువరి
షిఫ్ట్ బాబూ, అది కూడా చదివా. భాష బాగుంటుంది. కానీ అందులో ఎవరికీ అప్పు ఉండదు, ఎవరికీ కోపం రాదు. మేఘాలు, వెలుతురు, నీళ్లు, అంతే. కవి రాసిన పుస్తకం. ఈ పిల్లవాడి తండ్రి తోట అమ్ముతున్నాడయ్యా.

శంషాబాద్_షిఫ్ట్
ఒప్పుకుంటా. కానీ ఒక్కటి మాత్రం అందులో తప్ప ఎక్కడా చూడలేదు. పొద్దున ఒక దేశంలో, రాత్రికి ఇంకో దేశంలో ఉంటే ఒంటికి జెట్‌లాగ్ వచ్చినట్టే మనసుకు 'ప్లేస్ లాగ్' వస్తుందంటాడు. ఊరు మారిందని మనసు ఒప్పుకోదట. మా పాలమూరు నుంచి ముంబై పోయిన మేస్త్రీలు కూడా సరిగ్గా ఇదే చెప్తారు, పేరే పెట్టలేదు.

నైట్‌డ్యూటీ_లత
మా ఆయన పైలట్. నాది మహబూబ్‌నగర్, ఇప్పుడు శంషాబాద్ దగ్గర ఉంటున్నాం. రెండూ చదవలేదు, చదివే టైమ్ లేదు. కానీ పుస్తకం ఎంచుకునేటప్పుడు ఏం చూడాలో చెప్తా.

నిన్న రాత్రి 2.40కి క్యాబ్ వచ్చింది. ఆయన చీకట్లోనే డ్రెస్ వేసుకుంటాడు, లైట్ వేస్తే చిన్నది లేస్తుందని. పగలు నిద్ర పోవాలి కాబట్టి మా బెడ్రూమ్‌కు నల్ల కర్టెన్లు, వాటి అంచులకు బట్టల క్లిప్పులు. మధ్యాహ్నం పన్నెండుకు ఉల్లిగడ్డల ఆటో మైకు పెట్టుకుని వస్తే నేను పరుగెత్తుకెళ్లి బతిమాలతా. డ్యూటీకి పన్నెండు గంటల ముందు నుంచి మందు ముట్టకూడదు, అది అందరికీ తెలుసు. 2023 నుంచి ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ కూడా వద్దన్నారు. బ్రెత్ టెస్ట్ ఉంటుంది కదా. మా ఇంట్లో ఇప్పుడు ఉప్పునీళ్లే. ఏడాదికి రెండుసార్లు సిమ్యులేటర్ పరీక్ష, ఆ వారం ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడం. పెళ్లై పదకొండేళ్లలో ఉగాదికి ఇంట్లో ఉన్నది మూడుసార్లు. 2025 జూలై నుంచి వారం సెలవు 36 గంటల నుంచి 48 గంటలు చేశారని రాశారు. మాకు అదే పెద్ద పండుగ.

ఇవన్నీ ఉన్న పుస్తకం కొనండి. నిద్ర గురించి, రోస్టర్ (డ్యూటీల పట్టిక) గురించి ఒక్క పేజీ కూడా లేకపోతే అది పోస్టర్.

గడియారం_సెంటర్
లతక్క పోస్టే ప్రింట్ తీసి ఇచ్చేయ్ మామా, 1500 మిగుల్తాయి.

దేవరకొండ_సీతాఫలం
అక్కా, లోపల పైలట్‌కూ కో-పైలట్‌కూ వేరు వేరు భోజనం ఇస్తారంట కదా, నిజమేనా?

నైట్‌డ్యూటీ_లత
చాలా చోట్ల అంతే. తిండి పడక ఒకరికి కడుపు పాడైనా ఇంకొకరు బాగుండాలని. ఇంటికి వచ్చాక మాత్రం ఇద్దరికీ పచ్చి పులుసే.

హాలియా_హెలికాప్టర్
అమెరికా పైలట్ సల్లీ పుస్తకం ఎవరూ చెప్పలేదేంది? 2009 జనవరి 15న పక్షులు తగిలి రెండు ఇంజన్లూ పోతే న్యూయార్క్‌లో హడ్సన్ నది మీద దించాడు, 155 మందీ బతికారు. టామ్ హ్యాంక్స్ సినిమా కూడా ఉంది.

రామగిరి_చదువరి
మంచి పుస్తకమే, ఒక జాగ్రత్త. అది 2009లో 'హయ్యెస్ట్ డ్యూటీ' అని వచ్చింది. 2016లో సినిమా వచ్చాక అదే పుస్తకాన్ని 'సల్లీ' అని కొత్త అట్టతో అమ్మారు. రెండు వేరు అనుకుని నేను రెండూ కొన్నా. నా దగ్గర ఒకటి అదనం.

ఇంకో మాట. అందరూ నది కోసం చదువుతారు. నాకు మిగిలింది మాత్రం జీతం సంగతి. విమానం దింపిన నెల తర్వాత ఆయన అమెరికా చట్టసభ ముందు కూర్చుని, తన జీతం 40 శాతం కోశారనీ పెన్షన్ పోయిందనీ చెప్పాడు. దేశమంతా చప్పట్లు కొడుతున్న రోజుల్లో! లతమ్మ అడిగిన పేజీలు అందులో ఉంటాయి.

లైసెన్స్_ఉంది_జాబ్_లేదు
నేను రాయొద్దనుకున్నా గానీ రాస్తున్నా.

మీరు చెప్పిన పుస్తకాలన్నీ ఉద్యోగం వచ్చినవాళ్లు రాసినవి. రానివాళ్లు పుస్తకం రాయరు, రాసినా ఎవరూ అచ్చెయ్యరు.

నాది కల్వకుర్తి దగ్గర. కమర్షియల్ లైసెన్స్‌కు 200 గంటలు ఎగరాలి. ఏడాదిన్నరలో అయిపోతుందని చెప్పి చేర్చుకున్నారు. నాకు మూడేళ్ల రెండు నెలలు పట్టింది. విమానం రిపేర్, ఇన్‌స్ట్రక్టర్ మానేశాడు, వాన, పొగమంచు, మళ్లీ విమానం రిపేర్. నెలలో నాలుగు గంటలు ఎగిరిన నెలలు ఉన్నాయి, హాస్టల్ ఫీజు మాత్రం ఆగలేదు. మొత్తం అర కోటి దాటింది. ఆ లైసెన్స్‌తో నేరుగా ఎవరూ కూర్చోబెట్టరు. ఎ320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ అని వేరే చేయాలి, అది మళ్లీ లక్షల్లో. నాన్న ఫోన్‌లో ఇంకా ఎప్పుడు అని అడగడం మానేశాడు. అడిగినా బాగుండేది.

ఈ ఫీల్డ్‌లో పిల్లలు నిజంగా చదివే పుస్తకాలు ఇవి: ఆర్.కె. బాలి ఎయిర్ రెగ్యులేషన్స్, ఐ.సి. జోషి ఏవియేషన్ మెటియరాలజీ. ఇంకా నావిగేషన్, టెక్నికల్ పేపర్లు. ఒక్కోదాంట్లో 70 శాతం రావాలి. బాలి పుస్తకం ముందు ఇచ్చి చూడండి. నెల తర్వాత కూడా చేతిలో ఉంటే అప్పుడు తోట గురించి మాట్లాడండి.

మిర్యాల_సన్నబియ్యం
70 రాకపోతే ఫెయిలా? ఇంటర్‌లో 35 చాలు కదా.

గడియారం_సెంటర్
అందుకే నువ్వు కింద ఉన్నావు, వాళ్లు పైన ఉన్నారు.

శంషాబాద్_షిఫ్ట్
@లైసెన్స్_ఉంది తమ్ముడూ, నీ బాధ నిజమే. కానీ పదహారేళ్ల పిల్లవాడి చేతిలో రూల్స్ పుస్తకం పెట్టడమంటే పెళ్లిచూపుల్లో మెయింటెనెన్స్ బిల్లు చూపించినట్టు. ముందు ఇష్టం నిలబడాలి.

లైసెన్స్_ఉంది_జాబ్_లేదు
అన్నా, బిల్లు ముందే చూపించి ఉంటే నేను పెళ్లి చేసుకునేవాణ్ని కాదు. అదే చెప్తున్నా.

రంగు_తెలియని_రాజు
పుస్తకం సంగతి తర్వాత. ముందు కళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి. నాది మహబూబ్‌నగర్ న్యూటౌన్. ఇంటర్ అయ్యాక కోచింగ్‌కు రెండు లక్షలు కట్టి, ఆరు నెలలు పేపర్లు చదివి, ఆ తర్వాత మెడికల్ పరీక్షకు పోయా. అక్కడ ఒక పుస్తకం తెరిచారు, పేజీ నిండా రంగు చుక్కలు. ఇషిహారా అంటారు. ఇందులో ఎంత కనబడుతుంది అన్నారు. నాకు చుక్కలే కనబడ్డాయి. తిప్పారు. చుక్కలే. పక్కనున్న అబ్బాయి 74, 6, 45 అని గబగబా చదివేస్తుంటే నన్ను ఆటపట్టిస్తున్నారనుకున్నా.

18 ఏళ్లు వచ్చేదాకా ఎరుపు, ఆకుపచ్చ నాకు సరిగ్గా తెలియవని ఇంట్లో ఎవరికీ తెలియదు. పండు మిరపకాయలు, పచ్చి మిరపకాయలు కలిపి కోసుకొచ్చేవాణ్ని, సోమరి అని అమ్మ తిట్టేది. నా జీవితాన్ని మార్చిన విమానం పుస్తకం అదే. కథ లేదు, అన్నీ చుక్కలే.

దేవరకొండ_సీతాఫలం
నవ్వాలో ఏడవాలో తెలియలేదు రాజన్నా. ఇప్పుడేం చేస్తున్నావు?

రంగు_తెలియని_రాజు
పెయింట్ షాపు. ఒట్టు. డబ్బా మీద నంబర్ చూసి ఇస్తా.

బత్తాయి_మామ
అమ్మో, ఇన్ని పోస్టులా. అందరివీ రెండుసార్లు చదివా. కంటి పరీక్ష సంగతి మాకెవ్వరికీ తెలియదు, రాజన్నా, దండం. ఈ ఆదివారమే తీసుకుపోతా. ఇంకో విషయం ముందే చెప్పాల్సింది. మావాడిది బైపీసీ.

గడియారం_సెంటర్
మామా!!!

హాలియా_హెలికాప్టర్
విమానానికి సూది వేస్తాడా?

లైసెన్స్_ఉంది_జాబ్_లేదు
ఆగండి, కొంప మునగలేదు. రూల్ ప్రకారం ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఫిజిక్స్ బైపీసీలో ఎలాగూ ఉంది. మ్యాథ్స్ ఒక్కటీ ఓపెన్ స్కూల్‌లో, అంటే ఎన్ఐఓఎస్‌లో, విడిగా రాయొచ్చు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అట్లే రాసి వచ్చింది. కాకపోతే అడగాలి కదా, పైలట్ అవుతానన్నోడు బైపీసీ ఎందుకు తీసుకున్నాడు?

బత్తాయి_మామ
వాళ్లమ్మ డాక్టర్ కావాలంది. అమ్మ మాట కాదనలేక చేరాడు. మా అక్కకు ఇది ఇష్టం లేదు. అసలు గొడవంతా అక్కడే ఉంది.

పెద్దవూర_పిన్ని
మీ అక్క బాధ నాకు తెలుసు. మాది పెద్దవూర మండలం. సాగర్ దిక్కు నుంచి చిన్న విమానాలు మా పొలాల మీద తిరుగుతుండేవి, పత్తి ఏరే ఆడవాళ్లు తల కూడా ఎత్తేవాళ్లు కాదు, అంత అలవాటు. 2022 ఫిబ్రవరిలో తుంగతుర్తిలో పొలంలో ఒకటి కూలింది. శిక్షణలో ఉన్న అమ్మాయి, ఒక్కతే ఉంది అందులో. పోయింది. మావాళ్లు చూడటానికి పోయారు, నేను పోలేదు. ఎవరి బిడ్డో గానీ మా ఊళ్లో ఆ రాత్రి చాలా ఇళ్లల్లో అన్నం తినలేదు. నల్గొండ జిల్లాలో ఏ తల్లికైనా పైలట్ అనగానే అదే గుర్తొస్తుంది.

మీరు పిల్లవాడికి పుస్తకం వెతుకుతున్నారు. వాడికి ఎలాగూ ఇష్టమే. పుస్తకం కావాల్సింది వాళ్లమ్మకు.

శంషాబాద్_షిఫ్ట్
పిన్ని చెప్పింది నిజం. అట్లయితే పాట్రిక్ స్మిత్ 'కాక్‌పిట్ కాన్ఫిడెన్షియల్'. ఆయనా పైలటే. జనం అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు, ఎక్కడి నుంచైనా చదవొచ్చు. కుదుపులు వస్తే రెక్క విరుగుతుందా, ఇంజన్ ఆగితే రాయిలా పడుతుందా లాంటివన్నీ. పడదు, జారుకుంటూ చాలా దూరం పోతుంది. భయం ఉన్నవాళ్లకు దానికి మించింది లేదు. 2018లో కొత్త ఎడిషన్ వచ్చింది, అదే అడగండి.

బత్తాయి_మామ
అక్కకు ఇంగ్లిష్ రాదు అన్నా.

రామగిరి_చదువరి
తెలుగులో ప్యాసింజర్ విమాన పైలట్ జీవితం మీద చేతిలో పెట్టదగ్గ పుస్తకం నాకైతే తగల్లేదు. దగ్గరగా వచ్చేది కలాం గారి 'ఒక విజేత ఆత్మకథ', చినవీరభద్రుడు గారి అనువాదం. అందులో కలాం పైలట్ కావాలని డెహ్రాడూన్ పోతారు. పాతికమందిలో తొమ్మిదోవాడిగా వస్తారు. తీసుకునేది ఎనిమిది మందినే. అక్కడి నుంచి రుషికేశ్ పోయి గంగలో స్నానం చేస్తారు. పైలట్ కానివాడి పుస్తకమే, కానీ కాకపోతే ఏమవుతుందో ఆ తల్లికీ కొడుక్కీ ఇద్దరికీ తెలుస్తుంది.

లైసెన్స్_ఉంది_జాబ్_లేదు
తొమ్మిదోవాడు అందరూ కలాం కారు సార్. సరే, పుస్తకం మాత్రం మంచిదే.

నైట్‌డ్యూటీ_లత
పుస్తకాన్ని పిల్లవాడినే తెలుగులో చెప్పమనండి. రోజుకు ఒక ప్రశ్న. మా అత్తమ్మకు మా ఆయన అట్లే చెప్పేవాడు. ఇప్పుడు ఆమె విమానం ఎక్కితే కిటికీలో నుంచి రెక్క మీద ఫ్లాప్స్ చూపించి పక్కవాళ్లకు క్లాసు తీసుకుంటుంది.

పిల్లలమర్రి77
ఆలస్యంగా వచ్చా. 'క్యూఎఫ్32' పుస్తకం వదిలేశారు. ఆస్ట్రేలియా కంపెనీ క్వాంటాస్ వాళ్ల ఎ380 విమానం, 2010 నవంబర్ 4, సింగపూర్ నుంచి లేచాక రెండో నంబర్ ఇంజన్ పేలింది. లోపల 469 మంది. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పినీ రాశాడు. సురక్షితంగా దిగాక కూడా ఒక ఇంజన్ ఆపితే ఆగదు! కాక్‌పిట్‌లో ఆ రోజు ఐదుగురు పైలట్లున్నారు, ఒకరి మాట ఒకరు ఎట్ల విన్నారన్నదే అసలు కథ.

శంషాబాద్_షిఫ్ట్
దాంట్లో సిస్టమ్స్ వివరాలు ఎక్కువ. ఫోన్‌లో సిమ్యులేటర్ ఆడే పిల్లలకు పండగ, మిగతావాళ్లకు నిద్ర.

బత్తాయి_మామ
మూడు వారాలైంది, ఏమైందో చెప్తున్నా. కంటి పరీక్ష అయింది. చుక్కల పుస్తకం గడగడా చదివాడు, డాక్టరమ్మ నవ్వింది. మెడికల్ మళ్లీ అసలు చోట చేయించాలంది, తెలుసు. మ్యాథ్స్‌కు ఓపెన్ స్కూల్ ఫారం నింపుతున్నాడు. కొన్నవి రెండు: కాక్‌పిట్ కాన్ఫిడెన్షియల్, బాలి రెగ్యులేషన్స్. సల్లీ పుస్తకం రామగిరి సార్ తన అదనపు కాపీ ఇచ్చారు. ప్రకాశం బజార్‌లో కలిసి చాయ్ కూడా తాగించారు.

అక్క ఏం మాట్లాడలేదు. మొన్న రాత్రి మాత్రం డాబా మీద పడుకుని "ఇది దిగేదా, ఎక్కేదా" అని అడిగిందంట వాణ్ని, పైన పోయేదాన్ని చూపించి. తోట అమ్మకం బావ ఇప్పటికి ఆపాడు. ముందు మ్యాథ్స్ పాసవ్వమన్నాడు.

మిర్యాల_సన్నబియ్యం
ఆ సింప్లీ ఫ్లై ఎట్లాగూ పనికిరాదు కదా, సగం ధరకు నాకిస్తావా మామా?

బత్తాయి_మామ
బావ ఇవ్వడట. పట్టుపురుగుల భాగం కొడుకుతో చదివించుకుంటున్నాడు, ఇంకా అవ్వలేదు.